పియానో ఉంది, శ్రుతి లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం సాయంత్రం మన నగరంలోని ఒక సభామందిరంలో పియానో కచేరీకి వెళ్లాను. యూరప్ స్వరకర్తల్లో బరోక్ కాలపు (1600–1750 ప్రాంతం) బాఖ్‌తో మొదలుపెట్టి, మొజార్ట్, బీతోవెన్‌ల మీదుగా రొమాంటిక్ కాలపు (పందొమ్మిదో శతాబ్దం) షోపెన్ దాకా వాయించారు. టికెట్ లేదు. హాలు ముప్పాతిక నిండింది, అందులో సగం మంది పిల్లలే. మా మనవరాలు కీబోర్డు నేర్చుకుంటోంది, తాతయ్యా నువ్వూ రావాలంటే వెళ్లాను. నేను పాతికేళ్లుగా మా రామాలయంలో భజనలకు హార్మోనియం వాయిస్తున్నవాణ్ని. శ్రుతి తప్పితే కూర్చోలేను.

మొదట బాఖ్ 1722లో కూర్చిన 24 ప్రెల్యూడ్‌లు (ముందు వాయించే చిన్న రచనలు), ఫ్యూగ్‌ల (ఒకే వరసను ఒకదాని వెంట ఒకటిగా అల్లే రచనలు) సంపుటిలోని మొట్టమొదటి ప్రెల్యూడ్ వాయించారు. చాలా సులువుగా వినిపిస్తుంది. ఎనిమిది స్వరాల వరస ఒకటి రెండుసార్లు వస్తుంది, తర్వాత కొద్దిగా మారి మళ్లీ రెండుసార్లు. ఆ కాలపు హార్ప్‌సికార్డ్ అనే, మెట్లు నొక్కి వాయించే వాద్యంలో తీగను ఈక ముల్లు మీటేది. వేలు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా దాదాపు ఒకటే మోత. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి అనే ఆయన మీటే ముల్లు తీసేసి చిన్న సుత్తి పెట్టాడు. వేలి బరువును బట్టి స్వరం పలకడం అప్పుడు మొదలైంది. పియానో అన్న పేరుకు అర్థమే ‘మెల్లగా’. మా హార్మోనియంలో ఆ పని తిత్తి చేయాలి, వేలు చేయలేదు. అందుకే పియానో వాయిస్తున్న అమ్మాయి వేళ్లనే చూస్తూ కూర్చున్నాను.

బీతోవెన్ 1801 నాటి ‘మూన్‌లైట్’ సొనాటా (కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచన) దగ్గర అసలు బాధ మొదలైంది. అందులో మొదటి భాగమంతా కాలితో నొక్కే పెడల్ మీద నడుస్తుంది. తీగల మీది మెత్తలు పైకి లేచి, మోగిన స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కలుస్తాయి. పియానోలో నడిమి మెట్లకు ఒక్కోదానికి మూడేసి తీగలుంటాయి. మూడింటిలో ఒకటి సడలినా ఆ స్వరం వణుకుతుంది. ఆ రోజు నాలుగైదు మెట్లు అలా వణికాయి. షోపెన్ నాక్టర్న్‌లో (రాత్రిని తలపించే నెమ్మదైన రచన) కుడిచేతి వైపు ఒక మెట్టు కిందికి దిగి పైకి లేవలేదు. ఆవిడ వాయిస్తూనే ఎడమచేత్తో దాన్ని పైకి లాగింది. చప్పట్లు బాగానే కొట్టాం గానీ నాకు సిగ్గేసింది.

కచేరీ అయ్యాక దగ్గరికి వెళ్లి చూశాను. పియానో మూత మీద శాలువాలు, జ్ఞాపికలు, నీళ్లు కారుతున్న బొకేలు. మామూలు సభలప్పుడు కూడా దాన్ని బల్లలాగే వాడతారట. శ్రుతి చేసే మనిషి బెంగళూరు నుంచి రావాలి, ఈసారి ఖర్చుకు వెనకాడి పిలవలేదన్నారు. లోపల సుమారు 230 తీగలు బిగించి ఉంటాయి. వాటి నాదాన్ని పెంచేది పల్చటి చెక్క పలక. వానాకాలం తేమకు అది ఉబ్బుతుంది, ఎండాకాలం ఎండి కుంచించుకుపోతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా శ్రుతి మారిపోతుంది.

విదేశీ వాద్యానికి ఇంత హడావుడి ఎందుకని కొందరు అడగవచ్చు. హార్మోనియం కూడా యూరప్ నుంచి వచ్చిందే. అది లేకుండా మన పద్యనాటకానికి తెర లేచేదా? వయొలిన్ సంగతి చెప్పక్కర్లేదు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరంలో కూర్చుని దాన్ని మనదే చేసేశారు. పియానో మీద గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలకదు, కాబట్టి అది ఎప్పటికీ కర్ణాటక వాద్యం కాకపోవచ్చు. అయినా పిల్లలు నేర్చుకుంటున్నారు, పరీక్షలు రాస్తున్నారు. వాళ్లలో చాలామంది ఇంట్లో ఉన్నది ఎలక్ట్రానిక్ కీబోర్డే. అసలు పియానో నాదం వినాలంటే వాళ్లకు ఇలాంటి హాలే దిక్కు.

నగరంలో కనీసం ఒక్క ప్రభుత్వ ఆడిటోరియంలోనైనా మంచి పియానో ఉంచి, ఏటా శ్రుతి ఖర్చును నిర్వహణ బడ్జెట్‌లోనే చేర్చాలని సాంస్కృతిక శాఖ అధికారులను కోరుతున్నాను. ప్రభుత్వ సంగీత కళాశాలలు ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు ఈ పని నేర్పిస్తే బెంగళూరు వైపు చూడక్కర్లేదు, వాళ్లకూ ఒక జీవనోపాధి దొరుకుతుంది.

ఇవి కుదిరేలోగా హాళ్ల నిర్వాహకులు రేపటి నుంచే చేయగలిగింది ఒకటుంది. పియానో మీద పూలు, నీళ్ల సీసాలు పెట్టనివ్వకండి. కచేరీ లేని రోజుల్లో మందపాటి గుడ్డ కప్పి, మూతకు తాళం వేసి ఉంచండి.

– ఒక శ్రోత, సికింద్రాబాద్