టైటానియం అయాన్ల విన్యాసం తప్పుగా నేర్పుతున్నారు

కోనసీమలో ఇంటర్ పిల్లల చేతుల్లో తిరిగే జిరాక్స్ నోట్సుల్లో టైటానియం అయాన్ల (ఎలక్ట్రాన్లు కోల్పోయిన పరమాణువుల) ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే ఏ కక్ష్యకంలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయన్నది, తప్పుగా ఉంటోంది. పరమాణు సంఖ్య 22, విన్యాసం ఆర్గాన్ 3డి² 4ఎస్² అని సరిగ్గానే రాసి, +2 అయాన్‌కు 3డి తీసేసి 4ఎస్² మిగిలిస్తున్నారు. 4ఎస్ ముందు నిండుతుంది కనుక చివర పోతుందనుకోవడమే దీనికి మూలం. అయాన్ ఏర్పడేటప్పుడు బయటి 4ఎస్ ఎలక్ట్రాన్లే ముందు పోతాయి. కనుక +2కు 3డి², +3కి 3డి¹, +4కు ఆర్గాన్ విన్యాసం. తప్పు విన్యాసంతో +2 అయాన్ అయస్కాంత భ్రామకం సున్నా వస్తుంది; సరైన లెక్కలో రెండు ఒంటరి (జతపడని) ఎలక్ట్రాన్లకు 2.83 బోర్ మాగ్నెటాన్లు (ఆ భ్రామకాన్ని కొలిచే ప్రమాణం). +3 విషయంలో మరీ ప్రమాదం: 4ఎస్¹ అని రాసినా 1.73 వచ్చేస్తుంది, తప్పు బయటపడదు. ఆ అయాన్ నీటిలో ఊదారంగులో ఎందుకుంటుందో, డి ఎలక్ట్రాన్ లేని టైటానియం డయాక్సైడ్ ఎందుకు తెల్లగా ఉంటుందో మాత్రం ఆ విద్యార్థి చెప్పలేడు. మన అంతర్వేది తీరపు నల్ల ఇసుకలోని ఇల్మెనైట్ అనే ఇనుము–టైటానియం ఖనిజంలో ఉన్నదీ +4 టైటానియమే; దాని నలుపుకు ఇనుము కారణమని కూడా చెప్పాలి. ఇంటర్ విద్యాధికారులు ఒక పేజీ సవరణ పత్రం అన్ని కాలేజీలకూ పంపాలి. ల్యాబ్‌లో ఆమ్లం కలిపిన టైటానియం +4 సల్ఫేట్ ద్రావణాన్ని రెండు పరీక్షనాళికల్లో తీసుకుని, ఒకదానిలో జింకు ముక్కలు వేసి +3 అయాన్ ఊదారంగు, రెండోదానిలో రెండు చుక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి +4 ఉనికిని తెలిపే నారింజ పసుపు చూపించాలి. జింకు, ఆమ్లం కలిసి హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక ఆ పరీక్షనాళికకు బిరడా బిగించకూడదు, మూతిలో దూది వదులుగా పెట్టాలి; గాలి ఎక్కువగా తగిలితే ఊదా ద్రావణం ఆక్సీకరణం చెంది రంగు పోతుంది.

– రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, అమలాపురం