ఆ లింకు ఒకసారి చూసుకోండి

అందరికీ నమస్కారం. నిన్న ఒకరు పాస్‌పోర్ట్ స్కాన్ లింకు ఇక్కడ పెట్టారు. నొక్కితే లాగిన్ కూడా అడగకుండా తెరుచుకుంది, ఫోటో, సంతకంతో సహా! 'లింక్ ఉన్న ఎవరైనా' అన్న సెట్టింగ్ అలాగే వదిలేశారన్నమాట. దయచేసి ఇప్పుడే మార్చేయండి.

ఇంకోటి. ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వాటిని ఎన్‌క్రిప్ట్ చేస్తాయి (అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మారుస్తాయి), నిజమే. కానీ మామూలుగా ఆ తాళంచెవి ఆ కంపెనీల దగ్గరే ఉంటుంది. 2012లో డ్రాప్‌బాక్స్ నుంచి ఈమెయిళ్లు, హ్యాష్ చేసిన (అసలు రూపం తెలియకుండా మార్చిన) పాస్‌వర్డ్‌లు బయటికి పోయాయి. దాదాపు 6.8 కోట్ల ఖాతాలవని బయటపడేసరికి 2016 వచ్చింది.

నేనైతే ముఖ్యమైన కాగితాలు ఫైళ్లను మన దగ్గరే ఎన్‌క్రిప్ట్ చేసే క్రిప్టోమేటర్ అనే యాప్‌తో తాళం వేసి మరీ ఎక్కిస్తున్నా. కంప్యూటర్లో ఉచితమే. కాకపోతే పాస్‌వర్డ్, రికవరీ కీ (పాస్‌వర్డ్ మరిచిపోతే పనికొచ్చే కోడ్) రెండూ పోగొట్టుకుంటే ఇక అంతే సంగతులు.