ఫిర్యాదు చేసిన ఉద్యోగిని ఏమైంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది. దాని గురించి పత్రికల్లో జరిగే చర్చ చాలావరకు ఫిర్యాదు ఎలా చేయాలి, సంస్థలో ఆ ఫిర్యాదులను విచారించే కమిటీ ఉందా లేదా అన్నంతవరకే ఆగిపోతోంది. ఫిర్యాదు ఇచ్చాక గడిచే నెలల్లో ఆ ఉద్యోగిని ఏమవుతుందో ఎవరికీ పట్టడం లేదు. హైదరాబాద్‌లో ప్రైవేటు సంస్థల హెచ్‌ఆర్ విభాగాల్లో చాలా ఏళ్లు పనిచేసి విరమణ పొందిన నేను ఆ నెలల గురించే రాస్తున్నాను.

ఫిర్యాదు చేసినందుకు నిన్ను పంపించేస్తున్నామని ఏ యాజమాన్యమూ కాగితం మీద పెట్టదు. నాకు తెలిసిన ఒక ఆసుపత్రిలో బిల్లింగ్ విభాగపు ఉద్యోగిని తన పై అధికారి మీద ఫిర్యాదు ఇచ్చింది. కొద్ది వారాలకే ఆమెను పగటి డ్యూటీ నుంచి రాత్రి షిఫ్టుకు మార్చారు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిముల పని తీసేసుకుని, పాత ఫైళ్లకు నంబర్లు వేసే పని అప్పగించారు. మార్చిలో అప్రైజల్, అంటే ఏటా పనితీరును లెక్కగట్టే నివేదిక, వచ్చింది. అంతకుముందు ఏటా ‘చాలా బాగుంది’ అని ఉండే గడిలో ఈసారి ‘మెరుగుపడాలి’ అని ఉంది. కింద సంతకం పెట్టినది ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేసిందో ఆ అధికారే. జూన్ నాటికి ఆమె ‘వ్యక్తిగత కారణాల’ వల్ల రాజీనామా చేసింది. విచారణ మాత్రం పద్ధతి ప్రకారమే ముగిసింది కాబట్టి ఫైలు తిరగేసినవారికి ఎక్కడా తప్పు కనిపించదు.

నిజానికి ఆ సంతకం పడకుండా ఆపే వీలు చట్టంలోనే ఉంది. విచారణ జరుగుతుండగా బాధితురాలు రాతపూర్వకంగా కోరితే, ఆమెను గానీ ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని గానీ వేరే చోటికి మార్చమని, ఆమెకు మామూలు సెలవులు కాక మూడు నెలల వరకు అదనపు సెలవు ఇవ్వమని కమిటీ సిఫారసు చేయవచ్చునని 12వ సెక్షన్ చెబుతోంది. ఆమె పనితీరు మీద ఆ వ్యక్తి నివేదిక రాయకుండా ఆపి, ఆ బాధ్యతను మరో అధికారికి అప్పగించమని కూడా కమిటీ చెప్పవచ్చునని ఈ చట్టం కింద వచ్చిన 2013 నియమాల్లోని 8వ నియమం స్పష్టం చేస్తోంది. చిక్కంతా ‘రాతపూర్వకంగా కోరితే’ అన్న షరతు దగ్గరే ఉంది. ఇలా కోరవచ్చునని ఆమెకు చెప్పేవారు ఎవరు? నేను చూసిన కమిటీల్లో చాలావాటికి ఆ నియమం ఉందన్న సంగతే తెలియదు. సభ్యుల పేర్లు అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని చట్టం చెబుతుంటే, ఆ ఆసుపత్రిలో ఆ పోస్టరు లిఫ్టు పక్కన పేర్చిన వాటర్ క్యాన్ల వెనక ఉండేది. అందులో ఉన్న సభ్యుల్లో ఇద్దరు అప్పటికే ఉద్యోగం మానేశారు.

ఈ కక్షసాధింపును న్యాయస్థానాలు గుర్తించలేదని అనలేం. పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు ఇందౌర్ శాఖలో స్కేల్-4 (చీఫ్ మేనేజర్ స్థాయి) అధికారిణి ఒకరు శాఖలో జరుగుతున్న అక్రమాలను పైవారి దృష్టికి తెచ్చారు, ఒక ఉన్నతాధికారి మీద వేధింపుల ఫిర్యాదు కూడా చేశారు. 2017లో ఆమెను జబల్‌పూర్ జిల్లాలో స్కేల్-1 (అధికారుల్లో అన్నిటికంటే కింది స్థాయి) అధికారి ఉండాల్సిన శాఖకు బదిలీ చేశారు. బదిలీ ఉద్యోగ ధర్మంలో భాగమేనని ఒప్పుకుంటూనే, ఇక్కడ జరిగింది ప్రతీకారమని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆమెను తిరిగి ఇందౌర్‌కు పంపాలని, ఖర్చుల కింద 50 వేల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అయితే సుప్రీంకోర్టు దాకా పోరాడే ఓపిక, స్తోమత ప్రభుత్వ రంగ బ్యాంకులో సీనియర్ అధికారిణికి ఉండవచ్చు గానీ, నెల జీతం మీద ఇల్లు నడిచే బిల్లింగ్ ఉద్యోగినికి ఎక్కడి నుంచి వస్తాయి?

‘రుజువు కాకపోతే నీ మీదే చర్య తీసుకుంటారు’ అన్న బెదిరింపు కూడా ఆఫీసుల్లో తరచుగా వినిపిస్తుంది. అది అబద్ధం. ఆరోపణను నిరూపించలేకపోయినంత మాత్రాన చర్య తీసుకోరాదని 14వ సెక్షన్‌లోనే ఉంది. దురుద్దేశం ఉందంటే అది వేరుగా విచారణలో తేలాలి.

పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న బట్టల దుకాణాల్లో, క్లినిక్కుల్లో పనిచేసేవారు, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నవారు జిల్లా స్థానిక కమిటీని ఆశ్రయించాలి. చట్టం వచ్చి పదేళ్లు దాటాక కూడా ఈ కమిటీల ఏర్పాటుకు 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు గడువులు పెట్టాల్సి వచ్చిందంటే, ప్రభుత్వాల శ్రద్ధ ఏపాటిదో ఊహించుకోవచ్చు.

నా విన్నపం చిన్నది. ప్రతి సంస్థా ఏటా ఇచ్చే నివేదికలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి, 90 రోజులు దాటినా తేలనివి ఎన్ని, ఎన్ని అవగాహన సదస్సులు పెట్టారు, ఏం చర్యలు తీసుకున్నారు అన్న వివరాలు అడుగుతున్నారు. 2025 జులై నుంచి కంపెనీల బోర్డు నివేదికల్లోనూ ఫిర్యాదుల సంఖ్యలు చూపాల్సి వస్తోంది. ఫిర్యాదు చేసిన మహిళ ఏడాది తర్వాత అదే సంస్థలో, అదే హోదాలో ఉందా, ఆమె షిఫ్టు, రేటింగ్ మారాయా అన్న ప్రశ్న మాత్రం ఈ పత్రాల్లో ఎక్కడా లేదు. పై ఆసుపత్రి ఉదంతం ఆ లెక్కల్లో ‘పరిష్కారమైనది’గానే చేరుతుంది. పేర్లు లేకుండా సంఖ్యలు మాత్రమే అడిగితే గోప్యతకు భంగం ఉండదు. కేంద్రం నియమాలు సవరించేదాకా ఆగకుండా, ఈ చట్టం కింద ప్రతి జిల్లాకూ నియమితులయ్యే జిల్లా అధికారులు తమ పరిధిలోని సంస్థలను ఇప్పటినుంచే ఈ వివరాలు అడగవచ్చు. ఫిర్యాదు అందిన రోజే 12వ సెక్షన్, 8వ నియమం కింద ఏమేం కోరవచ్చో తెలుగులో ముద్రించిన కాగితం బాధితురాలి చేతికిచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలని కూడా సూచించవచ్చు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత హెచ్‌ఆర్ అధికారిణి, సికింద్రాబాద్
(పేరు ప్రచురించవద్దని మనవి)