ఓమ్నీ పంపుతో ఊరు చేరిన మా 800: కృతజ్ఞతలు

అందరికీ భోగి శుభాకాంక్షలు. తెల్లవారుజామున నాలుగింటికి ఊరు చేరాం. భోగి మంట అప్పుడే రాజేస్తున్నారు. మా కారు దగ్గర పెట్రోల్ వాసన చూసి, దాన్ని మంటకి దూరంగా పెట్టించింది మా పిన్ని. కళ్లు మండుతున్నాయి, ఎన్నిసార్లు సబ్బు పెట్టినా చేతుల వాసన పోలేదు. పడుకుని లేచాక రాయొచ్చుగా అంటున్నారు ఇంట్లో. లేచాక ఇలా రాయలేను. అందుకే ఇప్పుడే.

మా కారు సంగతి ఈ గ్రూపులో చాలామందికి తెలుసు. 1997 మారుతీ 800, నాన్న కొన్నది. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే పాతకాలం కార్బురేటర్ ఉన్న బండి, చలికాలం పొద్దున్నే చోక్ లాగితే గానీ కదలదు. 'తుక్కు కింద అమ్మేయరా, కిలోల లెక్కన అయినా నాలుగు డబ్బులొస్తాయి' అని మీరంతా ఏడిపిస్తుంటారు. నిన్న రాత్రి ఏడున్నరకి, సూర్యాపేట దాటి కోదాడ రాకముందు, మీ మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. రెండు మూడు సార్లు దగ్గినట్టు చేసి ఇంజన్ ఆగిపోయింది. పక్కన 74 ఏళ్ల అమ్మ. వెనక పండక్కి ఊళ్లకి పోతున్న సగం హైదరాబాద్.

పక్కకి తీసి ఆపానే గానీ, పక్క అనేది పేరుకే. ముందు ట్రాఫిక్ ఆగితే చాలు, ఆ అంచునే ఇంకో లైను చేసుకుని దూసుకొస్తారు మనవాళ్లు. దానికి తోడు ఆ తెల్ల ఎల్‌ఈడీ లైట్లు, అన్నీ హై బీమ్‌లోనే. వెనక నుంచి ఒక్కో బండి వస్తుంటే అమ్మ కళ్లు మూసుకుని రామ రామ అంటోంది.

హైవే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశా. కిలోమీటరు రాయి మీద నంబరు చెప్పమన్నారు. సెల్‌ఫోన్ లైటుతో వెనక్కి నడిచి వెళ్లి చూసి చెప్పా. విజయవాడ వైపా, హైదరాబాద్ వైపా అన్నారు. చెప్పా. బండి బయల్దేరింది సార్ అన్నారు. ముప్పావు గంటకి మళ్లీ చేస్తే మళ్లీ రాయి నంబరు అడిగారు. మూడోసారీ అంతే. టోల్ గేటు దగ్గర డబ్బులు కట్ అవడానికి మాత్రం క్షణం పట్టదు. ఈ పొద్దున మెసేజ్ వచ్చింది, 'మీ సమస్య పరిష్కరించబడినది' అని. పరిష్కరించింది ఎవరో చెప్తా వినండి.

రెండు వందల గజాల అవతల ఒక పంక్చర్ షాపు. తాళం వేసి ఇంటికి పోబోతున్న ఆయన మా పార్కింగ్ లైట్లు చూసి నడుచుకుంటూ వచ్చాడు. అరవై ఉంటాయేమో, మఫ్లర్, మోకాళ్ల దాకా మడిచిన లుంగీ. 'బండి సంగతి తర్వాత సారు, ముందు అమ్మను ఇంట్ల కూసోబెడదాం' అన్నది ఆయన మొదటి మాట. షాపు వెనకే ఇల్లు. అమ్మ చెయ్యి పట్టుకుని, మోకాళ్ల నొప్పి అని తెలుసుకుని, అడుగులో అడుగేసి తీసుకెళ్లాడు. నవారు మంచం వాల్చి, వేడి నీళ్లు చెంబుతో ఇచ్చి, అప్పుడొచ్చి బానెట్ ఎత్తాడు.

కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి స్టార్ట్ కొట్టమన్నాడు. చుక్క పెట్రోల్ రాలేదు. తర్వాత ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకూ పెట్టాడు. ఆయిల్లో గుప్పున పెట్రోల్ వాసన. 'పెట్రోల్ గుంజే పంపు లోపల డయాఫ్రం, అదే రబ్బరు పొర, చినిగింది సారు. పైకి రావాల్సిన పెట్రోల్ కింద ఆయిల్ల కలుస్తంది.' పదిహేనేళ్లుగా ఈ బండిని స్వయంగా చూసుకుంటున్నానని ఇక్కడ గొప్పలు పోయే నాకు ఆ పుల్ల వాసన చూడాలని తట్టలేదు.

ఇప్పుడు బంకుల్లో పోసేదంతా 20 శాతం ఇథనాల్ కలిపిందేగా, పాత బండ్ల రబ్బరుకి అది పడదని ఆయన వాదన. కావచ్చు. 28 ఏళ్ల పంపు ఏ పెట్రోల్‌తోనైనా ఎప్పుడో ఒకప్పుడు పోయేదే అని నా అనుమానం. ఏదైతేనేం, పండగ ముందు రాత్రి తొమ్మిదింటికి ఆ పంపు ఎక్కడ దొరుకుతుంది? తెలిసిన రెండు షాపులకి ఆయనే ఫోన్లు చేశాడు. ఒకాయన ఊరెళ్లాడు, ఇంకొకాయన ఎత్తలేదు.

కాసేపు నా కారు వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత టార్చి తీసుకుని ఇంటి వెనక్కి రమ్మన్నాడు. వేపచెట్టు కింద మారుతీ ఓమ్నీ వ్యాను. నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయాయి. పక్క తలుపు జరిపితే లోపలి నుంచి రెండు కోళ్లు దిగిపోయాయి. పదేళ్ల పైన బడిపిల్లల్ని తిప్పిన బండట. కిటికీల మీద పిల్లలు అతికించిన బొమ్మల స్టిక్కర్లు ఇంకా ఉన్నాయి. ముందు సీటు ఎత్తితే కింద ఇంజన్. మీకు తెలియనిది కాదు, నా 800కీ దీనికీ అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్.

'బండి మూలకు పడే ముందే కొత్త పంపు ఏసిన' అన్నాడు. సాలెగూళ్లు తుడిచి, రెండు నట్లు విప్పి పంపు బయటికి తీశాడు. లోపలికి వచ్చే పైపు మూతి మీద బొటనవేలు పెట్టి, లీవరు నొక్కి వదిలాడు. వేలు అతుక్కుంది. నా వేలూ పెట్టించాడు. ఆ చిన్న పీల్పు ఇప్పటికీ వేలికి తెలుస్తున్నట్టే ఉంది.

అన్నా, మీ బండి? అన్నా.

'నా బండి ఇగ ఏడికి పోతది సారు. అమ్మ పండుగకు ఇంటికి పోవాలె గదా.'

అంతే అన్నాడు. తీసేసిన చోట దుమ్ము పోకుండా గుడ్డ కుక్కి, సీటు దించి, అరచేత్తో దుమ్ము తుడిచాడు. ఎటూ పోని బండి సీటు. చీకట్లో నా మొహం ఆయనకి కనపడనందుకు సంతోషించా. నాన్న పోయినప్పుడు కూడా నలుగురి ముందు ఏడవని వాణ్ని.

బిగించడానికి గంట పట్టింది. ప్యాకింగ్‌కి అట్టముక్క కత్తిరించి గ్రీజు రాశాడు. ట్యాంకులోని పెట్రోల్ ఆ పంపు దాకా ఎక్కకపోతే పైపు నోట్లో పెట్టుకుని పీల్చాడు. నోరు నిండా వచ్చింది. ఉమ్మేసి నీళ్లు పుక్కిలించి మళ్లీ పీల్చాడు. ఇలాంటి పని ఎవరూ చేయకండి, నేను వద్దు వద్దంటూనే ఉన్నా. ఆయిల్ అంతా కిందకి వదిలేసి, షాపులో అమ్మకానికున్న మూడు లీటర్ల డబ్బా తెచ్చి పోశాడు. చోక్ లాగి తిప్పితే రెండోసారికే అందుకుంది. ఆయన చెయ్యి బానెట్ మీదే పెట్టి చప్పుడు విన్నాడు. 'మంచిగున్నది' అన్నాడు, నాతో కాదు, బండితో.

డబ్బులు ఆయిల్ డబ్బాకి తప్ప తీసుకోలేదు. రెండు వేలు జేబులో పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. అమ్మ ఇచ్చిన జంతికల డబ్బా మాత్రం తీసుకున్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. అన్నా, ఎవరైనా చదివి వినిపిస్తే నీకు తెలుస్తుంది.

వచ్చే ఏడాది మళ్లీ ఆర్‌సీ రెన్యువల్. 2022లో ఏప్రిల్‌లో ఫీజు పెరగక ముందే వెళ్లాం కాబట్టి 600 రూపాయలతో పోయింది. ఇప్పుడు 20 ఏళ్లు దాటిన కారుకి 10,000 అట. బండి ఎలా ఉందో చూసి ఫీజు పెట్టొచ్చు కదా, వయసు చూసి కాదు. సరే, ఈ గోల ఇంకోసారి. కట్టేస్తా, ఆ ఓమ్నీ పంపు ఉన్నంత కాలం ఈ బండిని అమ్మేది లేదు.

తమ్ముడు కోదాడ దాకా ఎదురొచ్చి, అక్కడి నుంచి మా వెనకే బండి నడిపాడు. మా ఆవిడ రాత్రంతా ఫోన్లోనే ఉంది. వాళ్లకి థాంక్స్ చెప్తే తిడతారు.

అయ్యో, కారుని రోడ్డు మీంచి పక్కకి తోసిన ఇద్దరు కుర్రాళ్లని మర్చిపోయా. బైక్ ఆపి, తోసి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు.

మా వెనక లారీ ఆపి అరగంట పాటు లైట్లు వెలిగించి ఉంచిన డ్రైవర్ అన్నకి కూడా. ఆ లారీ అడ్డం లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది.

అమ్మకి శాలువా కప్పి, మిరియాల చారుతో అన్నం పెట్టిన ఆ ఇంటి అక్కకి. ఈ మాట రాయమని అమ్మ ఇప్పుడే గుర్తు చేసింది.

ఇంకోటి. విజయవాడ ఆటోనగర్లో ఓమ్నీ కార్బురేటర్ మోడల్‌కి కంపెనీ పంపు ఎవరి దగ్గరుందో తెలిసినవాళ్లు మెసేజ్ పెట్టండి, డూప్లికేట్ వద్దు. కనుమ వెళ్లాక తిరుగు ప్రయాణంలో ఆ అన్న ఇంటి దగ్గర ఆగుతాం. ఎలాగూ ఆగాలి, సామాను దింపుతుంటే వెనక సీట్లో వాళ్ల స్టీలు చెంబు దొరికింది.