ఆదివారం చర్చ: కంచు చక్రాలు, కాలిన పపైరస్ చుట్టలు

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు మన చరిత్ర బృందం వీడియో సమావేశం. లింకు శనివారం రాత్రి ఇక్కడే పెడతాను.

ఈసారి రెండే వస్తువులు. ఒకటి ఆంటికిథెరా యంత్రం. 1901లో గ్రీసు తీరంలో మునిగిన ఓడలోంచి తీశారు. గ్రహణాలను లెక్కగట్టే ప్రాచీన గ్రీకు పరికరం. మిగిలినవి 30 పళ్లచక్రాలు. లోపలి రాతలు 2005 నాటి ఎక్స్‌రే స్కానింగ్‌తో మరింత స్పష్టంగా కనిపించాయి.

రెండోది ఇటలీలోని ప్రాచీన రోమన్ పట్టణం హెర్క్యులేనియంలో దొరికిన పపైరస్ (రెల్లు లాంటి మొక్కతో చేసిన కాగితం) చుట్టలు, అంటే చుట్టి ఉంచిన రాతప్రతులు. నా మనసంతా వీటి మీదే! క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు బొగ్గైపోయాయి. విప్పబోతే పొడిపొడి. 2023లో ఒక చుట్టను విప్పకుండానే, స్కాన్ చిత్రాల నుంచి కృత్రిమ మేధ సాయంతో ఒక గ్రీకు మాట చదివారు. అర్థం: ఊదారంగు.

మీరు చేయవలసినది: శుక్రవారంలోగా ఒక్కో ప్రశ్న ఇక్కడ రాయండి. మాట్లాడేవారికి 5 నిమిషాలే. (పోయినసారి 25 నిమిషాలు తీసుకున్నది నేనే, ఒప్పుకుంటున్నాను.)

ఈ యంత్రాన్ని గ్రహాంతరవాసులు చేశారనే ఫార్వర్డులు దయచేసి వద్దు. కంప్యూటర్ సృష్టించిన బొమ్మ పెడితే ఆ మాట కిందే రాయండి.

వచ్చేవారు ఈ సందేశానికి ‘వస్తాను’ అని బదులివ్వండి.