మా కల్లు మండువకు వచ్చే వారందరికీ: ఇకమీదట మా చెట్ల కల్లు మాత్రమే

గత వానాకాలంలో మా చెట్లు సరిగా పారలేదు. వచ్చిన వారిని ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక, సుమారు రెండు నెలల పాటు నేను బయటి నుంచి కల్లు తెప్పించి, మన చెట్ల కల్లేనని చెప్పి మీకు పోశాను. నాకున్న లైసెన్సు నేను గీసే చెట్లకే వర్తిస్తుంది కాబట్టి అది చట్టరీత్యా తప్పు; నన్ను నమ్మిన వారితో అబద్ధమాడడం అంతకంటే పెద్ద తప్పు. అందుకు మీ అందరినీ క్షమాపణ కోరుతున్నాను.

ముప్పై ఏళ్లుగా రోజుకు ఒక్క సీసా తాగి ఇంటికి వెళ్లే పెద్దాయన ఒకరు, ఆ బయటి కల్లు రెండు రోజులు రాకపోయేసరికి, తెల్లవారకముందే చెట్టు కిందికి వచ్చి నిలబడ్డారు. నేను లొట్టి దించి తాటాకు రేకలో పోస్తే, రెండు చేతులతో పట్టుకున్నా కల్లు అంచుల మీదుగా ఒలికి ఆయన చొక్కా తడిసిపోయింది. అంతకుముందెన్నడూ ఆ చేతులు వణకగా నేను చూడలేదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ వంటి మందులు కలిపిన కల్లుకు ఒళ్లు అలవాటు పడితే, అది దొరకని రోజున వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం, ఒక్కోసారి మూర్ఛ కూడా వస్తాయని ఆయనను చూసిన డాక్టరు చెప్పారు. ఆ రెండు నెలల్లో నా దగ్గర తాగిన వారిలో ఎవరికైనా ఇలా ఉంటే, సిగ్గుపడి దాచుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. తోడు కావాలంటే నేను వస్తాను.

ఎల్లమ్మకు కల్లు సాక పోయనిదే మనకు పండుగ కాదు, చుట్టం వస్తే లొట్టి ముందు పెట్టనిదే మర్యాద కాదు. నా చిన్నతనంలో నలుగురు కలిసి కూర్చుని, ఉడికించిన గుడాలు తింటూ, మంచీ చెడూ మాట్లాడుకుంటూ తాగేవారు. చెట్టు ఇచ్చినంతే తాగి, లొట్టి అడుగంటగానే లేచి వెళ్లేవారు. లెక్కలేనన్ని సీసాలు తెప్పించి ఆ హద్దును చెరిపింది నేనే.

‘కల్లే కదా’ అనే మాట కూడా మానుకుందాం. ఉదయం దించిన కల్లు పొద్దెక్కే కొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. అందులో ఆల్కహాలు 5 శాతానికి చేరితే, 650 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 60 మిల్లీలీటర్ల విస్కీలో కంటే ఎక్కువే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. కాబట్టి బండి మీద వచ్చిన వారు తాళం నా చేతికిచ్చి కూర్చోవాలి, తాగాక నడిచో, తాగని వారి వెంటో వెళ్లాలి. 21 ఏళ్లు నిండని వారికి, తండ్రి పంపాడన్నా సరే, సీసా ఇవ్వను. ఖాళీ కడుపుతో వచ్చిన వారు ముందు గుడాలు తినాలి. వాటికి డబ్బు తీసుకోను.

మా చెట్ల కల్లు అయిపోగానే మండువ మూస్తాను. కొన్నాళ్లు అది మధ్యాహ్నానికే కావచ్చు. తలుపు వేసి కనిపిస్తే మరునాడు పొద్దున్నే రండి.