మా నాయన కాలు దక్కింది

కాలి గాయానికి బ్లాక్ ఫంగస్ పట్టి ఆసుపత్రిలో ఉన్న నాయనను ఆరు వారాల తర్వాత నిన్న మిర్యాలగూడ దగ్గరి మా ఊరికి తీసుకొచ్చాం. చాలామంది ఫోన్లు చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

సాగర్ ఎడమ కాలువ కట్ట మీద బండి జారి పడ్డారు. పిక్క చీరుకుపోయి గాయంలోకి మట్టి పోయింది. దగ్గర్లో కుట్లు వేయించాం. ఐదో రోజుకి కుట్ల చుట్టూ నల్లబడింది. యాంటీబయాటిక్స్ మార్చినా ఆ నలుపు పూటపూటకీ పైకి పాకింది. నాయనకు షుగర్ లేదు. బ్లాక్ ఫంగస్ అంటే 2021లో కరోనా తర్వాత షుగర్ ఉన్నవాళ్ల ముక్కుకీ కళ్లకీ వచ్చిందే మాకు తెలుసు. కాలికి వస్తుందని ఎవరనుకుంటారు!

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసిన సర్జన్ గారు అనుమానపడ్డారు. తీసిన కండను రెండు సీసాల్లో వేయించారు. ఒకటి ఫార్మలిన్‌లో బయాప్సీకి, ఒకటి సెలైన్‌లో మైక్రోబయాలజీకి, అంటే ఏ క్రిమో తేల్చే ల్యాబ్‌కి. అంతా ఫార్మలిన్‌లోనే వేస్తే ఫంగస్ చచ్చిపోయి కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఏదీ పెరగదట. సార్, మీరు ఆ రెండో సీసా అడగకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆ సీసా పట్టుకుని రాత్రి తొమ్మిదింటికి ల్యాబ్‌కి పరుగెత్తాను. అక్కడి మైక్రోబయాలజీ డాక్టర్ మేడం ఇంటికి బయల్దేరుతున్నారు. చూడగానే బ్యాగు పక్కన పెట్టేశారు. నూరితే ఫంగస్ దారాలు తెగిపోతాయని ముక్కను సన్నగా తరిగి, కండను కరిగించి ఫంగస్‌ను కనబడేలా చేసే కేఓహెచ్ ద్రావణం వేసి మైక్రోస్కోపులో చూశారు. గంటలోపే వార్డుకి ఫోన్ వచ్చింది: అడ్డుగోడలు దాదాపు లేని వెడల్పాటి దారాలు, మ్యూకర్ రకం, అంటే ఆ బ్లాక్ ఫంగసే. కల్చర్ కోసం ఆగకుండా ఆ రాత్రే లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కించారు. ఆ ఫంగస్ పేరు తేలడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచే మామూలు ఆహారం మీద అది బీజాలు వేయదట, బీజాలు చూస్తేనే పేరు తెలిసేది. మేడం పోషకాలేవీ కలపని ఉత్త నీళ్ల అగార్ జెల్లీ మీద పెంచి మరీ పట్టుకున్నారు. అపోఫైసోమైసిస్ అట. మట్టిలో ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ గాయం గుండా ఎక్కుతుంది.

నాయన 60 కిలోలు. కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్కన ఆ మందు రోజుకి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ 6. అవి దొరక్క మేము టెన్షన్ పడుతుంటే షాపు షాపూ తిరిగి తెచ్చిన దోస్తులకు, మూడు ఆపరేషన్లకూ రక్తమిచ్చిన మా ఊరి పిల్లలకు దండాలు. మందును డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలని, సెలైన్ తగలకూడదని ప్రతి షిఫ్టులో ఒకరికొకరు చెప్పుకున్న నర్సమ్మలను మరచిపోలేను. చలిజ్వరంతో వణుకుతుంటే కాళ్లు పట్టుకుని కూర్చున్నారు. రోజూ క్రియాటినిన్, పొటాషియం చూస్తూ కిడ్నీలు కాపాడారు.

ఇప్పుడు ఫంగస్‌కే పోసకొనజోల్ మాత్రలు నడుస్తున్నాయి. చర్మం అతికించిన చోట ఇంకా లాగుతోంది. కర్ర పట్టుకుని వాకిట్లో నాలుగడుగులు వేస్తున్నారు. మేడం, సోమవారం చెకప్‌కి వస్తున్నాం. "ఆ రాత్రి ఇంటికి పోకుండా ఆగిన బిడ్డను చూపించు" అంటున్నారు నాయన. మా తోట బత్తాయిలు తనే ఏరి సంచిలో పెట్టుకున్నారు.